కంగారు తగ్గడానికి ఇంట్లో యోగా: పీల్చడం కాదు, వదలడం దగ్గర మొదలుపెట్టండి

గుండె దడగా ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు, ఫోన్ మోగినా ఉలికిపాటే, ఈసీజీ తీయిస్తే మాత్రం బాగానే ఉందంటారు. "యోగా చేస్తే తగ్గుతుందా? ఏ ఆసనం వెయ్యాలి?" విజయవాడ, గుంటూరుల్లో యోగా నేర్పేవాళ్లకు పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఇది. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ అడుగుతారు. కొట్టు కట్టేసి రాత్రి పదకొండుకు ఇల్లు చేరే వన్‌టౌన్ వ్యాపారులూ అడుగుతారు.

తగ్గుతుంది. అయితే ఆసనం కన్నా ముందు చక్కబెట్టుకోవాల్సింది ఊపిరి. కంగారులో ఉన్నప్పుడు ఊపిరి చాలడం లేదనిపిస్తుంది. నిజానికి అప్పుడు అవసరానికి మించి పీలుస్తూ ఉంటాం. "గట్టిగా ఊపిరి తీసుకో" అని పక్కవాళ్లు ఇచ్చే సలహాతో దడ ఇంకా పెరిగేది అందుకే. కింద చెప్పినదంతా వదిలే ఊపిరిని నెమ్మది చేయడం చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఈ నాలుగు చూసుకోండి

దడ ఈమధ్యే మొదలై, ఇంతవరకు డాక్టరుకు చూపించుకోకపోతే ముందు ఆ పని చేయండి. బీపీ, ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, రక్తం తక్కువైతే గుండె దడ అచ్చం కంగారులాగే వస్తాయి. వాటికి మందు కావాలి, ప్రాణాయామం సరిపోదు.

ఛాతీ మధ్యలో బరువుగా నొప్పి వచ్చి చేతికో దవడకో పాకుతూ చెమటలు పడుతుంటే అది కంగారేమోనని కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

కంగారుకు ఇప్పటికే మాత్రలు వాడుతుంటే యోగా మొదలుపెట్టామని ఆపేయకండి. వాటిలో కొన్ని ఒక్కసారిగా మానేస్తే కంగారు మునుపటికన్నా ఎక్కువగా తిరగబెడుతుంది. తగ్గించాల్సి వస్తే డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

గర్భిణులు, కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు కాళ్లు పైకెత్తే ఆసనం, తల కిందికి వాల్చే ఆసనం వదిలేయాలి. ఎక్కడికక్కడ వాటికి బదులేం చేయాలో చెబుతాం.

కావలసినవి

ఒక చాప, దాని మీద పరవడానికి మందపాటి దుప్పటి. రెండు దిండ్లు. మడత పెట్టిన తువ్వాలు. చేతుల్లేని కుర్చీ. ఖాళీ గోడ. సెకన్ల ముల్లున్న గోడ గడియారం. ఒక నోట్‌బుక్, పెన్ను. యోగా మ్యాట్ కొనాల్సిన పనేమీ లేదు, గచ్చు మీద చాప జారకుండా ఉంటే చాలు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. టైమరుకు తప్పదంటే ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి.

కడుపు సంగతి: భోజనమైతే మూడు గంటలు, ఇడ్లీలాంటి టిఫినైతే రెండు గంటలు గడవాలి. కాఫీ, టీలు సాధన అయ్యాకే తాగండి. చిక్కటి కాఫీ తాగి కూర్చుంటే దడ కాఫీదో కంగారుదో మీకే తెలియదు.

వేళ సంగతి: మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో ఇది పెద్ద విషయం. ఉక్కపోతలో ఒళ్లు చల్లబరచడానికి గుండె మామూలుకన్నా వేగంగానే కొట్టుకుంటుంది, చెమటలూ పడతాయి. కంగారు మనిషి దాన్ని చూసి మరింత హడలిపోతాడు. కాబట్టి వేసవిలో తెల్లవారుజామున ఐదున్నర, ఆరున్నర మధ్య చేయండి, లేదంటే రాత్రి పడుకునే ముందు చేయండి. ఫ్యాన్ మెల్లగా తిరగనివ్వండి, గాలి నేరుగా మొహానికి కొట్టకూడదు. కరెంటు పోతే ఆసనాలు ఆపి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద అయిదో మెట్టుగా చెప్పిన ఊపిరి సాధన ఒక్కటే చేయండి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు సీజన్లో ఘాటు కొట్టే వేళ ప్రాణాయామానికి కూర్చోకండి. దగ్గు ఒకసారి మొదలైతే ఊపిరి మళ్లీ దారిన పడటానికి చాలాసేపు పడుతుంది.

మెట్టు 1: కొలత (2 నిమిషాలు)

కుర్చీలో కూర్చుని ఒక నిమిషం పాటు మీ ఊపిరి ఎన్నిసార్లు ఆడుతోందో లెక్కపెట్టండి. పీల్చి వదిలితే ఒకటి. మార్చడానికి ప్రయత్నించకండి, లెక్కే ముఖ్యం. పెద్దవాళ్లకు తీరికగా కూర్చున్నప్పుడు సాధారణంగా 12 నుంచి 20 ఉంటుంది. తర్వాత మీ కంగారుకు సున్నా నుంచి పది లోపు ఒక అంకె ఇవ్వండి. రెండూ రాసుకోండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, నెల తర్వాత "ఏమీ తేడా లేదండీ" అంటారు. తేడా ఉందో లేదో చెప్పేది ఈ కాగితమే.

మెట్టు 2: భుజాలు, దవడ వదులు చేయడం (3 నిమిషాలు)

కుర్చీలోనే ఉండండి. ఊపిరి పీలుస్తూ భుజాలు చెవుల దాకా ఎత్తండి, వదులుతూ ఒక్కసారిగా కిందికి జారవిడవండి. ఇలా ఐదుసార్లు. తర్వాత మెడను కుడివైపుకు, ఎడమవైపుకు నెమ్మదిగా తిప్పండి, ఒక్కో వైపు మూడుసార్లు. మెడను గుండ్రంగా వెనక్కి తిప్పకండి. కళ్లు తిరిగే అలవాటు ఉన్నవాళ్లకు అక్కడే ఇబ్బంది వస్తుంది.

ఇప్పుడు నోటి లోపల చూసుకోండి. పై పళ్లు, కింది పళ్లు తాకుతున్నాయా? నాలుక అంగిట్లోకి గట్టిగా నొక్కుకుని ఉందా? కంగారు ఉన్నవాళ్లలో చాలామందికి రెండూ ఉంటాయి, గమనించరంతే. పెదవులు మూసే ఉంచి, పళ్ల మధ్య బియ్యపుగింజంత సందు రానివ్వండి. నాలుకను కింది పళ్ల వెనక వదిలేయండి. కణతల దగ్గర వేళ్లు పెట్టి చూస్తే కండ మెత్తబడటం తెలుస్తుంది. మిగతా మెట్లన్నింటిలోనూ దవడ ఇలాగే ఉండాలి.

మెట్టు 3: మార్జాలాసనం, శశాంకాసనం (4 నిమిషాలు)

చాప మీద మోకాళ్లు, అరచేతులు ఆనించండి. మోకాళ్లు నడుము కింద, అరచేతులు భుజాల కింద ఉండాలి. పీలుస్తూ నడుము కిందికి దించి ఛాతీ ముందుకు తేవాలి. వదులుతూ వీపు పైకి గుండ్రంగా లేపి గడ్డం లోపలికి తేవాలి. ఎనిమిదిసార్లు చేయండి. వదిలేటప్పుడు పీల్చినంతకన్నా ఎక్కువసేపు తీసుకోవాలి. కదలిక ముందు అయిపోయి ఊపిరి వెనకబడిందంటే తొందరపడుతున్నట్టే, వేగం తగ్గించండి.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి మడమల మీద కూర్చుని, మోకాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ముందుకు వంగి నుదురు దిండు మీద ఆనించండి. ఒకటిన్నర, రెండు నిమిషాలు ఉండండి. నుదురు దేనికో ఒకదానికి ఆనాలి, గాల్లో వేలాడితే మెడ బిగుసుకుంటుంది. పొట్ట అడ్డొస్తే దిండు మీద దిండు పెట్టి ఎత్తు పెంచండి.

మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మార్జాలాసనంలో లాగే వీపు వంచుతూ లేపుతూ చేయండి. శశాంకాసనానికి బదులు డైనింగ్ టేబుల్ మీద దిండు వేసి నుదురు ఆనించండి. నీటికాసులు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా ఈ కుర్చీ పద్ధతే పాటించాలి.

మెట్టు 4: గోడకు కాళ్లు (5 నిమిషాలు)

గోడకు పక్కగా తుంటి ఆనించి కూర్చుని, వెల్లకిలా తిరుగుతూ కాళ్లు గోడ మీదికి తీసుకోండి. పిరుదులకూ గోడకూ మధ్య జానెడు సందున్నా పర్వాలేదు. తల కింద మడతపెట్టిన తువ్వాలు, పొట్ట మీద ఒక చెయ్యి. మోకాళ్లు కొద్దిగా వంగే ఉండనివ్వండి. తొడ వెనక లాగుతోందంటే గోడకు మరీ దగ్గరగా ఉన్నారు, కాస్త వెనక్కి జరగండి. పాదాలు తిమ్మిరెక్కితే మోకాళ్లు మడిచి అరికాళ్లు గోడకు ఆనించండి.

కాళ్లు పైకెత్తకూడని వాళ్లూ, గుండెల్లో మంట ఉన్నవాళ్లూ ఇది మానేసి పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. గర్భిణులు ఎడమవైపుకు తిరగండి.

హాస్టల్ పిల్లలకు మంచమే చాలు, మంచం పక్క గోడకు కాళ్లు పెట్టుకోవచ్చు. పై బెర్త్ మీద మాత్రం వద్దు.

మెట్టు 5: నాలుగు లోపలికి, ఆరు బయటికి (5 నిమిషాలు)

మిగతా అన్నీ మానేసినా దీన్ని మానొద్దు. కుర్చీలోనో గోడకు ఆనుకునో కూర్చోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. ముందు ఉన్న గాలిని మెల్లగా బయటికి వదిలేయండి. ఎప్పుడు మొదలుపెట్టినా వదలడంతోనే మొదలుపెట్టండి. తర్వాత గడియారం చూస్తూ ముక్కుతో నాలుగు సెకన్ల పాటు పీల్చండి, ఆరు సెకన్ల పాటు ముక్కుతోనే వదలండి. మధ్యలో ఊపిరి బిగబట్టకండి. ఇలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిర్లు వస్తాయి. మొదటిరోజే ఆ లెక్క కుదరకపోతే మూడు లోపలికి, నాలుగు బయటికి తీసుకోండి. వారానికి ఒక్కో సెకను పెంచుకుంటూ వెళ్లండి.

ఇదెందుకు పనిచేస్తుందో మీ మణికట్టే చెబుతుంది. బొటనవేలి కింద, మణికట్టు మడతకు కొద్దిగా మోచేతి వైపున, మూడు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. ఊపిరి పీలుస్తున్నంతసేపూ నాడి కొంచెం త్వరపడుతుంది, వదులుతున్నంతసేపూ కొంచెం నిదానిస్తుంది. పడుచువాళ్లలో ఇది బాగా తెలుస్తుంది, వయసు పైబడినవాళ్లలో తక్కువగా తెలుస్తుంది. వదిలే ఊపిరి పొడవైన కొద్దీ గుండెకు నిదానించే వ్యవధి దొరుకుతుంది. ఈ మాత్రం సిద్ధాంతం తెలిస్తే చాలు.

ఇక్కడ దొర్లే తప్పులు:

పొట్ట నిండా, ఛాతీ నిండా గాలి లాగడం. సెకన్లు పెంచమన్నాం గానీ గాలి పెంచమనలేదు. పక్కన కూర్చున్నవాళ్లకు మీ ఊపిరి వినబడిందంటే ఎక్కువ లాగుతున్నారు. అలా లాగితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో చిమచిమలాడుతుంది, తల తేలిపోతుంది, ఛాతీ పట్టేస్తుంది. కంగారు మనిషి దాన్ని గుండెపోటనుకుంటాడు. ఈ గుర్తుల్లో ఏది కనబడినా లెక్క ఆపండి. గుటక మింగి, ఒక నిమిషం మామూలుగా ఊపిరి తీసుకుని, ఈసారి సగం గాలితో మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారీ అలాగే అయితే ఆ రోజుకు చాలించండి.

ఛాతీ మీది చెయ్యి ఎక్కువగా కదులుతూ, బొడ్డు మీది చెయ్యి కదలకపోవడం. వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టి, అది లేచి దిగేలా రెండు రోజులు చేస్తే అలవాటు పడుతుంది. జలుబుతో ముక్కు పట్టేస్తే పెదవులు సున్నాలా చుట్టి, వేడి కాఫీని ఊదినట్టు మెల్లగా నోటితో వదలండి.

మెట్టు 6: భ్రామరి (3 నిమిషాలు)

చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి ఎముకను బొటనవేలితో లోపలికి నొక్కి చెవులు మూయండి. వేలు రంధ్రంలోకి దూర్చకండి. ముక్కుతో మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు పెదవులు మూసి సన్నగా "మ్" అని మోగించండి. ఐదు నుంచి ఏడుసార్లు. పై పెదవిలో, ముక్కు ఎముకలో అదురు తెలిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. గొంతులో మాత్రమే తెలిస్తే శబ్దం గట్టిగా చేస్తున్నారు, స్థాయి తగ్గించండి. శబ్దాన్ని చివరి దాకా పిండి లాగకండి, ఊపిరి ఇంకా కాస్త మిగిలి ఉండగానే ఆపండి. లేకపోతే తర్వాతి ఊపిరి ఎగశ్వాసగా వస్తుంది. చెవిలో చీము, నొప్పి ఉన్నవాళ్లు చెవులు మూయకుండానే చేయవచ్చు.

మెట్టు 7: నాడీశోధన, బిగబట్టకుండా (4 నిమిషాలు)

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరపు వేలు ఎడమ ముక్కుకు. ముక్కు ఎముక అయిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోట ఆనించాలి. కుడిది మూసి ఎడమతో వదలండి, ఎడమతోనే పీల్చండి. ఎడమది మూసి కుడితో వదలండి, కుడితోనే పీల్చండి. మళ్లీ ఎడమతో వదిలితే ఒక చుట్టు. పది చుట్లు చాలు. మోచెయ్యి నొప్పి పుడితే కింద దిండు పెట్టుకోండి. ఒక ముక్కు మూసుకుపోయి ఉంటే బలవంతంగా లాగకండి, ఆ రోజుకు అయిదో మెట్టునే రెండు నిమిషాలు పెంచండి. ముక్కు మూస్తేనే భయం వేసేవాళ్లూ అంతే.

మెట్టు 8: శవాసనం (5 నిమిషాలు)

వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. కుడికాలి బొటనవేలితో మొదలుపెట్టి పైకి ఒక్కో భాగాన్నీ తలుచుకుంటూ వదులు చేయండి. "ఇక్కడే ఆలోచనలన్నీ మీద పడుతున్నాయి" అని చాలామంది బాధపడతారు. కదలకుండా పడుకున్నప్పుడు అలా జరగడం సహజమే, చేతకాలేదని కాదు. ఆలోచన వచ్చినప్పుడల్లా ఎక్కడ వదిలారో ఆ భాగం దగ్గరికే తిరిగి రండి. కళ్లు మూస్తే భయం వేసేవాళ్లు కళ్లు తెరిచి ఫ్యాన్ మధ్యభాగం చూస్తూ ఉండండి. లేచేటప్పుడు కుడివైపుకు తిరిగి, చేతి ఆసరాతో కూర్చుని, ఒక నిమిషం ఆగి నిలబడండి. తర్వాత మెట్టు 1లో తీసిన రెండు కొలతలూ మళ్లీ తీసి రాసుకోండి.

మొదటి నెల ఇలా పంచుకోండి

మొదటిరోజే ఎనిమిది మెట్లూ ఎక్కాలని చూడకండి. మొదటి వారం 1, 2, 5 మాత్రమే. రెండో వారం 3, 4 కలపండి. మూడో వారం 6, 8. నాలుగో వారం నాడీశోధన. వారానికి ఒకరోజు గంటన్నర చేయడం కన్నా రోజూ పది నిమిషాలు చేయడమే మేలు. ఒకటి రెండు రోజులు తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు, అయిదో మెట్టు మూడు నిమిషాలు చేసి వరస అందుకోండి.

కపాలభాతి, భస్త్రిక గురించి కచ్చితంగా చెప్పాలి. ఎవరో చెప్పారని, వీడియోలో చూశామని కంగారు ఉన్నవాళ్లు వీటితో మొదలుపెడుతుంటారు. రెండూ ఊపిరి వేగం పెంచేవి. హఠాత్తుగా గాభరా వచ్చే అలవాటు ఉన్నవాళ్లకు అవే చిమచిమలు, అదే దడ తెచ్చిపెడతాయి. కుంభకం కూడా అంతే, ఊపిరి బిగబట్టగానే ఉక్కిరిబిక్కిరి అవుతామన్న భయం లేస్తుంది. కంగారు అదుపులోకి వచ్చేదాకా ఈ మూడూ పక్కన పెట్టండి. బావుందనిపించాక కూడా గురువు ఎదురుగానే మొదలుపెట్టండి.

గాభరా వచ్చేసినప్పుడు

బస్సులోనో పరీక్ష హాల్లోనో గాభరా ఉన్నట్టుండి ముంచుకొస్తుంది. చాప పరిచే వీలుండదు. పడుకోకండి, కూర్చోండి. అరికాళ్లు రెండూ నేలకు గట్టిగా నొక్కండి. భుజాలు జారవిడవండి, పళ్ల మధ్య సందు రానివ్వండి. ఉన్న గాలిని పెదవుల సందులోంచి చప్పుడు లేకుండా వదలండి. ముక్కుతో కొద్దిగా మాత్రమే పీల్చి మళ్లీ పొడుగ్గా వదలండి. పదిసార్లు. లెక్క తప్పితే ఒకటి నుంచి మొదలుపెట్టండి. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం మీద చూపు ఉంచే ఇది చేయవచ్చు, పక్క బెంచీవాళ్లకు కూడా తెలియదు. గాభరా సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే పతాక స్థాయికి వెళ్లి, తర్వాత దానంతటదే దిగుతుంది. దిగేదాకా తట్టుకోవడానికే ఈ పది ఊపిర్లు. ప్లాస్టిక్ కవర్లో ఊపిరి తీయడంలాంటివి మాత్రం చేయకండి, ప్రమాదం. రోజూ ఇంట్లో అయిదో మెట్టు చేసినవాళ్లకే ఆ వేళకు ఇది చేతికి అందుతుంది, గాభరాలో కొత్తగా నేర్చుకోవడం అవదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

ఒక్కరోజు అంకె చూసి మురిసిపోకండి, దిగులు పడకండి. ఆదివారం ఆదివారం నోట్‌బుక్ తీసి మూడు సంగతులు చూడండి: పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పడుతోంది, వారంలో గాభరా ఎన్నిసార్లు వచ్చింది, సాధనకు ముందు ఉన్న అంకె తగ్గుతోందా. సాధన తర్వాత అంకె మొదటి రోజుల్లోనే తగ్గుతుంది. సాధనకు ముందు అంకె తగ్గడానికే వారాలు పడుతుంది, అసలు మార్పు అదే.

దీనికి తోడు, కంగారు ఎంతుందో కొలవడానికి డాక్టర్లు వాడే జీఏడీ-7 ప్రశ్నావళి ఉంది. గడిచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 21. అయిదు నుంచి స్వల్పం, పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి తీవ్రం. మొదలుపెట్టిన రోజున ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి నింపండి. పదీ ఆపైన ఉంటే యోగా చేస్తూనే మానసిక వైద్యుణ్ణి కలవండి. 2020లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, 12 వారాలు యోగా నేర్చుకున్న ఆందోళన రోగుల్లో సుమారు 54 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. సీబీటీ అనే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో ఆ సంఖ్య సుమారు 71 శాతం. ఒత్తిడి గురించి పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో 33 శాతం. యోగాతో మేలు ఉంది, కౌన్సెలింగ్‌తో ఇంకా ఎక్కువ ఉంది. రెండూ కలిపి చేయడానికి అడ్డేమీ లేదు.

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, లేదా మీ పిల్లల నోట అలాంటి మాట వింటే ఈ ఆరు వారాల లెక్క పెట్టుకోకండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి అప్పటికప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి.